ఎడిన్‌బరో చీకటి గదుల్లో భయం ఎలా పుడుతుంది?

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలో సాయంత్రం పూట నల్లటి పొడుగు అంగీ తొడుక్కుని, చేత లాంతరు పట్టుకున్న మనిషి వెనక ఇరవై ముప్పై మంది గుంపుగా నడిచిపోతుండటం అక్కడివాళ్లకు అలవాటైన దృశ్యం. ముందు నడిచేది గైడు. కోట నుంచి దిగివచ్చే రాయల్ మైల్ అనే పాత వీధిలో మొదలుపెట్టి, మనిషి పక్కన మనిషి పట్టనంత ఇరుకు సందుల్లోకి తీసుకెళ్తాడు. ఒక సందు మొగలో ఉరి కథ చెబుతాడు, ఆ పక్కనే ఉన్న పబ్బులో కాసేపు ఆపుతాడు. తలా ఒక గ్లాసు తాగాక మళ్లీ నడక, మళ్లీ కథ, మళ్లీ ఇంకో పబ్బు. చివరికి నేల కింది రాతి గదుల్లోకి దింపి, అందరినీ ఒకచోట నిలబెట్టి, లాంతరు ఆర్పేస్తాడు.

బయటికి వచ్చాక ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతారు. మెడ వెనక ఎవరో ఊపిరి వదిలారని ఒకరు, చిన్నపిల్ల చెయ్యి పట్టుకుందని ఇంకొకరు, మూల నిలబడిన మనిషి తాను అటు చూడగానే మాయమయ్యాడని మరొకరు. కళ్లు తిరిగి పడిపోయేవాళ్లూ ఉంటారు. వీళ్లందరినీ అబద్ధాలకోరులని కొట్టిపారేయడం సులువే, కానీ అది అన్యాయం. ఆ చలి, ఆ స్పర్శ, ఆ నీడ వాళ్లకు నిజంగా తెలిసినవే. అయితే వాటిని పుట్టించడానికి దయ్యం అక్కర్లేదు. చీకటి, తడిసిన రాయి, బాగా చెప్పిన కథ, పక్కన పదిమంది మనుషులు, కడుపులో కొద్దిగా మద్యం ఉంటే చాలు. శాస్త్రవేత్తలు ఈ గదుల్లోకే దిగి ఆ సంగతి పరీక్షించి చూశారు.

వంతెన కింద బతికినవాళ్లు

ముందు ఆ గదులేమిటో తెలియాలి. ఎడిన్‌బరో గుట్టల మీద కట్టిన ఊరు. రెండు మిట్టల మధ్య పల్లాన్ని దాటడానికి 19 కమాన్లతో సౌత్ బ్రిడ్జ్ అనే వంతెన కట్టి 1788లో తెరిచారు. ఇప్పుడు దాని మీద నడిచేవాళ్లకు అది వంతెనని తోచదు, ఎందుకంటే రెండు వైపులా ఆనించి భవనాలు లేచాయి. కింద కౌగేట్ వీధి మీదుగా పోయే ఒక్క కమాను మాత్రమే బయటికి కనిపిస్తుంది. మిగతా కమాన్ల కింది ఖాళీని అంతస్తులుగా విడగొట్టి సుమారు 120 గదులు చేశారు. మొదట్లో అక్కడ చెప్పులు కుట్టేవాళ్లు, వడ్రంగులు, సారాయి దుకాణాలవాళ్లు ఉండేవారు. వంతెన పైభాగంలో నీరు ఇంకకుండా కట్టుబడి సరిగా చేయలేదు. వాన పడినప్పుడల్లా గోడలు కారడం మొదలైంది. సరుకు పాడై వ్యాపారులు ఒక్కొక్కరే ఖాళీ చేశారు. వాళ్లు వదిలేసిన గదుల్లోకి ఎక్కడా చోటు దొరకని పేదలు దిగారు. ఐర్లాండ్ నుంచి పొట్ట చేతబట్టుకు వచ్చినవాళ్లు, ఉత్తరాది కొండ ప్రాంతాల్లో భూస్వాములు గొర్రెల పెంపకం కోసం వెళ్లగొట్టిన రైతు కుటుంబాలు. వెలుతురు లేదు, కిటికీ లేదు, మరుగుదొడ్డి లేదు. 19వ శతాబ్దంలో ఆ గదులను రాళ్లూ చెత్తా నింపి మూసేశారు. 1980ల్లో మళ్లీ బయటపడ్డాక తవ్వి తీస్తే కుండ పెంకులు, పిల్లల ఆటవస్తువులు, గుట్టలుగా ఆల్చిప్పలు దొరికాయి. ఆ రోజుల్లో అక్కడ పేదల తిండి ఆల్చిప్పలే.

ఇప్పుడు కొన్ని గదులు గైడ్ల చేతుల్లో ఉన్నాయి. నిడ్రీ వీధి పక్క కొన్నింటిలో విజిల్‌బింకీస్, బాన్షీ లాబిరింత్ లాంటి పబ్బులే నడుస్తున్నాయి. అంటే ఆ గదులకు పోవాలంటే పబ్బు దాటాల్సిన పనికూడా లేదు, పబ్బే ఆ గది.

2001లో మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ వైజ్‌మన్, ఆయన సహచరులు ఈ వంతెన కింది పది గదులను ఎంచుకున్నారు. ఏ గదిలో ఎంతమంది సందర్శకులకు చిత్రమైన అనుభవాలు కలిగాయో అంతకుముందే ఉన్న లెక్కలను బట్టి వాటికి వరస కట్టారు. ఆ వరస ఏమిటో పాల్గొన్నవాళ్లకు చెప్పలేదు. రెండొందల మందికి పైగా మనుషులను ఒక్కొక్కరిగా ఒక్కో గదిలో కాసేపు ఉంచి, ఏమనిపించిందో రాయించుకున్నారు. దయ్యాల గదులని పేరుపడ్డ చోటనే ఎక్కువ అనుభవాలు నమోదయ్యాయి. ఏ గదికి ఆ పేరుందో ముందే తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు అనే తేడా కూడా కనిపించలేదు. ఇంతవరకు వింటే దయ్యాలను నమ్మేవాళ్లు సంతోషించాల్సిందే. కానీ వైజ్‌మన్ బృందం గదులను కూడా కొలిచింది. గది ఎంత పెద్దది, వెలుతురు ఎంత, గాలి ఎలా ఆడుతోంది, అయస్కాంత క్షేత్రం ఎంత మారుతోంది అని. ఎడిన్‌బరోతో పాటు లండన్ దగ్గరి హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌లో చేసిన ఇలాంటి పరీక్షనూ కలిపి 2003లో ప్రచురించారు. మనుషుల అనుభవాలు గది కొలతలతో, వెలుతురుతో, చుట్టూ ఉన్న ఇలాంటి భౌతిక పరిస్థితులతో ముడిపడి ఉన్నాయని తేలింది.

నాకు ఈ పరీక్షలో నచ్చేది ఇదే. దయ్యముందని పేరు రావడం వల్ల గది భయపెట్టడం లేదు. గది తీరే మనిషిని కలవరపెడుతుంది, అలా కలవరపడినవాళ్లు చెప్పిన మాటల నుంచి ఆ పేరు పుడుతుంది. కొత్తగా వచ్చినవాడికీ అదే కలవరం కలుగుతుంది, పేరు ఇంకాస్త గట్టిపడుతుంది.

చూస్తే మాయమయ్యే మనిషి

మూల నిలబడి, తలతిప్పగానే మాయమయ్యే మనిషి సంగతి ఇప్పుడు చూద్దాం. దీని జవాబు మన కంటిలోనే ఉంది.

రెటీనాలో కాంతిని పట్టే కణాలు రెండు రకాలని బడిలో చదువుకున్నాం. కోనులు వెలుతురులో పనిచేస్తాయి, రంగులు చూపిస్తాయి. దండాలు మసక వెలుతురులో పనిచేస్తాయి, వాటికి రంగులు తెలియవు. పబ్బు వెలుగులోంచి చీకట్లోకి అడుగుపెట్టగానే కోనులు చేతులెత్తేస్తాయి. దండాలు పూర్తి శక్తితో మేలుకోవడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. గైడు మెట్లు దింపి, కథ అందుకుని, లాంతరు ఆర్పే సమయానికి మన కళ్లు ఇంకా సగం గుడ్డివే. కన్ను అందించని భాగాన్ని మెదడు తన ఊహతో పూరిస్తుంది.

దీనికి తోడు ఇంకో విశేషం. మనం దేన్నయినా సూటిగా చూసినప్పుడు ఆ బొమ్మ పచ్చచుక్క నడిమి భాగంలో పడుతుంది. అక్కడ కోనులే ఉంటాయి, దండాలు లేవు. కాబట్టి మసక చీకట్లో కంటికొసన లీలగా కనిపించిన ఆకారం వైపు చూపు తిప్పి సూటిగా చూస్తే అది కనిపించదు. కళ్లు పక్కకు తిప్పితే మళ్లీ ప్రత్యక్షమవుతుంది. మసక నక్షత్రాన్ని చూడాలంటే దాని పక్కకు చూడాలని ఖగోళ పరిశీలకులకు బాగా తెలుసు. గోడ మీది తడి మరక, ఎవరో తగిలించిన కోటు, దూలం నీడ ఇవన్నీ ఈ లెక్కన చూడబోతే మాయమయ్యే మనుషులే. అస్పష్టమైన ఆకారాల్లో ముందుగా మనిషినీ ముఖాన్నీ వెతకడం మెదడుకు పుట్టుకతో వచ్చిన అలవాటు.

ముఖాల మాట వచ్చింది గనుక ఇటలీలోని ఉర్బినో విశ్వవిద్యాలయానికి చెందిన జొవాన్నీ కపూతో 2010లో ప్రచురించిన పరీక్ష చెప్పాలి. మసక వెలుతురులో అద్దం ముందు పది నిమిషాలు తన ముఖం తాను చూస్తూ కూర్చోమని 50 మందికి చెప్పాడాయన. చాలామందికి తమ ముఖం వికృతంగా మారినట్టో, ఎవరో తెలియని మనిషి ముఖమో, చనిపోయిన బంధువు ముఖమో కనిపించాయి. ఆరోగ్యంగా ఉన్న మనుషులకు, ఏ కథా వినకుండానే, పది నిమిషాల్లో!

వెనక ఎవరో ఉన్నారన్న భావన ఇంతకంటే లోతైనది. 2006లో స్విట్జర్లాండ్‌లో మూర్ఛవ్యాధికి చికిత్స ముందు ఒక రోగి మెదడును పరీక్షిస్తూ, ఓలాఫ్ బ్లాంకె బృందం ఎడమ చెవికి కాస్త పైన ఉండే ప్రాంతానికి స్వల్ప విద్యుత్తు అందించింది. వెంటనే ఆమెకు తన వెనక ఒక మనిషి ఉన్నట్టు అనిపించింది. ఆమె కూర్చుంటే ఆ మనిషీ కూర్చున్నాడు, ఆమె వంగితే అతనూ వంగాడు. మన శరీరం ఎక్కడుంది, ఎలా ఉంది అని మెదడు ఎప్పటికప్పుడు వేసుకునే లెక్క తప్పి, తన శరీరాన్నే పరాయి మనిషిగా చూపింది. 2014లో అదే బృందం ఆరోగ్యవంతులకు కళ్లకు గంతలు కట్టి పరీక్షించింది. వాళ్లు ముందున్న ఒక యంత్రాన్ని చేత్తో కదిపితే, వెనక ఇంకో యంత్రం అదే కదలికతో వీపును తడుతుంది. రెండూ ఒకేసారి జరిగితే ఏమీ లేదు. వెనక తట్టు అర సెకను ఆలస్యమైతే కొందరికి గదిలో ఇంకెవరో ఉన్నట్టు తోచింది. ఒకరిద్దరు పరీక్ష ఆపేయమని అడిగారు కూడా. కటిక చీకట్లో, ఒక గ్లాసు మీద ఇంకో గ్లాసు పడ్డాక, ఎగుడుదిగుడు రాతి నేల మీద తూలకుండా నిలబడడానికి శరీరం పడే పాట్లలో ఈ లెక్క కొంచెం తప్పడానికి అవకాశముందని నా అనుమానం.

చెవికి వినిపించని ధ్వని వల్లే ఇదంతా అనే మాట చాలా ప్రచారంలో ఉంది. ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో విక్ టాండీ అనే ఇంజినీరు తాను పనిచేసే ప్రయోగశాలలో ఒక రాత్రి కంటికొసన బూడిదరంగు ఆకారాన్ని చూశాడు. మర్నాడు బిగింపులో పెట్టిన కత్తి అలుగు తనంతట తానే వణుకుతుంటే కారణం వెతికాడు. కొత్తగా పెట్టిన ఫ్యాను నుంచి సెకనుకు దాదాపు 19 సార్లు కంపించే ధ్వని గదిలో నిలబడిపోతోంది. 1998లో ఆయన అది రాశాక దయ్యాలన్నింటికీ అదే జవాబని చాలామంది రాసేశారు. అంత దూరం పోకూడదు. లండన్‌లో క్రిస్టఫర్ ఫ్రెంచ్ బృందం ఇలాంటి ధ్వనినీ విద్యుదయస్కాంత క్షేత్రాలనూ వాడి ఏకంగా దయ్యాల గదిని తయారుచేసింది. 79 మంది ఒక్కొక్కరే అందులో 50 నిమిషాలు ఉన్నారు. చాలామందికి చిత్రమైన అనుభవాలు కలిగాయి. కానీ ధ్వని ఉన్నప్పుడూ లేనప్పుడూ తేడా లేదు! ఏదో జరగవచ్చని ముందే చెప్పడమే అసలు కారణం అయివుండాలని 2009లో వాళ్లు తేల్చారు.

గైడు మాట, గుంపు మాట

ఆ ముందుగా చెప్పడమే గైడు వృత్తి. 1997లో రెన్స్ లాంగ్, జేమ్స్ హౌరన్ అనే పరిశోధకులు వాడకంలో లేని ఒక నాటకశాలలోకి 22 మందిని పంపారు. సగం మందికి అక్కడ దయ్యాలున్నాయని చెప్పారు, మిగతా సగానికి భవనం మరమ్మతులో ఉందని చెప్పారు. దయ్యాల మాట విన్నవాళ్లు చాలా ఎక్కువ అనుభవాలు చెప్పారు. మరమ్మతు అనుకున్నవాళ్లకు కిర్రుమన్న చప్పుడు వినపడినా అది తలుపు చప్పుడుగానే తోచి ఉంటుంది.

గుంపు పని ఇంకా ఆసక్తికరం. కటిక చీకట్లో కదలని ఒక చిన్న వెలుగు చుక్కను కాసేపు చూస్తే అది కదులుతున్నట్టు కనిపిస్తుంది. 1935లో ముజఫర్ షెరీఫ్ ఈ భ్రమనే వాడుకున్నాడు. ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరి అంచనా వారిది, ఒకరికి కొద్దిగా కదిలింది, ఇంకొకరికి చాలా కదిలింది. ముగ్గురిని కలిపి కూర్చోబెట్టి పైకి చెప్పమంటే, కొద్దిసేపట్లోనే అందరి మాటా ఒకచోటికి చేరింది. తర్వాత విడివిడిగా అడిగినా ఆ ఉమ్మడి మాటనే పట్టుకున్నారు. రాతి గదిలో ఒకరు "చలేసింది" అనగానే అందరికీ చలివేయడానికి ఇది చాలు. మన ఊళ్లలో ఒక ఏడాది దయ్యం రాకూడదని ఇంటి తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న రోజులు గుర్తున్నవాళ్లకు దీన్ని వేరే వివరించక్కర్లేదు. ఏ ఒక్కరూ అబద్ధమాడలేదు, ఒకరి భయం ఇంకొకరికి సాక్ష్యమైంది.

ఇక మద్యం. భయం పెంచేది అదేనని చాలామంది అనుకుంటారు. నిజానికి మోస్తరు మోతాదు మద్యం ఎప్పుడేం జరుగుతుందో తెలియని బెదురును తగ్గిస్తుందని అమెరికాలో మోబర్గ్, కర్టిన్ 2009లో చూపించారు. కాబట్టి గ్లాసు దయ్యాన్ని పుట్టించదు. అది అడ్డుకునేవాడిని నిద్రపుచ్చుతుంది. ఒక అనుభవం రాగానే "ఇది గాలా, పక్కవాడి మోచెయ్యా" అని నిలదీసే ఓపికను తగ్గించి, ఎదురుగా ఉన్న ఒక్క విషయం మీదే మనసును బిగిస్తుంది. చర్మంలోని రక్తనాళాలు వెడల్పవుతాయి, వెచ్చగా అనిపిస్తుంది, అసలు వేడి బయటికి పోతుంటుంది. అలా వెచ్చబడ్డ ఒంటికి తడి రాతి గది చలి హఠాత్తుగా తగులుతుంది. రక్తపోటు కొంచెం తగ్గిన స్థితిలో, కదలకుండా నిలబడి, భయం కథ వింటూంటే కొందరికి కళ్లు తిరగడమూ సహజమే. ఎడిన్‌బరోలోనే ఉన్న గ్రేఫ్రయర్స్ శ్మశానంలో 17వ శతాబ్దపు న్యాయవాది జార్జ్ మెకంజీ సమాధి దగ్గర 1990ల చివరి నుంచి మూర్ఛలూ గాట్లూ ఎన్నో నమోదయ్యాయి. ఆ మూర్ఛల్లో ఇలాంటివి ఎన్నో ఉంటాయని నేననుకుంటాను.

జ్ఞాపకం తప్పుదారి పట్టడానికి మద్యం నిజంగా తాగక్కర్లేదు కూడా. న్యూజిలాండ్‌లో అసెఫీ, గ్యారీ అనే పరిశోధకులు విద్యార్థులందరికీ ఉత్త టానిక్ నీళ్లే ఇచ్చి, కొందరికి మాత్రం అందులో వోడ్కా ఉందని చెప్పారు. తర్వాత ఒక సంఘటన గురించి తప్పు వివరాలు చదివిస్తే, తాము తాగామనుకున్నవాళ్లు ఆ తప్పు వివరాలను ఎక్కువగా నమ్మారు, నమ్మకంగానూ చెప్పారు. 2003లో వచ్చిన ఈ పరీక్ష చదివాక, నడక ముగిసి ఆఖరి పబ్బులో కూర్చుని పదిమందీ కలిసి చెప్పుకునే కథల మీద నాకు నమ్మకం పోయింది. అసలు దయ్యం నేలమాళిగలో కన్నా ఆ బల్ల చుట్టూ పుడుతుంది.

అయినా డబ్బులిచ్చి మరీ ఎందుకు భయపడతారు? డెన్మార్క్‌లోని ఒక భయంకర గృహంలో 110 మంది సందర్శకుల గుండె వేగాన్ని కొలిచి 2020లో ఆర్హస్ విశ్వవిద్యాలయంవారు ప్రచురించారు. భయం మరీ తక్కువైతే విసుగు, మరీ ఎక్కువైతే బాధ. మధ్యలో ఒక చోట ఆనందం ఎక్కువ. గైడు కథకూ నవ్వుకూ మధ్య, చీకటికీ పబ్బుకూ మధ్య గుంపును ఆ మధ్యచోటే పట్టి ఉంచుతాడు. చేయి తిరిగిన పని అది.

ఒక విషయంలో మాత్రం ఈ నడకలు నన్ను బాధపెడతాయి. ఊళ్లోని గ్రాస్‌మార్కెట్ ఒకప్పుడు ఉరితీసే చోటు. ఇప్పుడక్కడ ఒక పబ్బుకు మ్యాగీ డిక్సన్ పేరుంది. గర్భం దాచిందని, బిడ్డను చంపిందని నేరం మోపి 1724లో ఆమెను ఉరితీశారు. శవపేటిక ఊరికి తీసుకెళ్తుండగా దారిలో లేచి కూర్చుంది. అప్పటి ఉరిలో మనిషిని చాలా ఎత్తు నుంచి వదిలేవారు కాదు, మెడ ఎముక విరిగేది కాదు, ఊపిరాడక మెల్లగా పోవాలి. అందుకే అరుదుగా ప్రాణం నిలిచేది. ఆమె తర్వాత చాలా ఏళ్లు బతికింది. ఆమెది దయ్యం కథ కాదు, పేద ఆడదానికి జరిగిన శిక్ష కథ. అక్కడికి దగ్గర్లోనే బర్క్, హేర్ అనే ఇద్దరు 1828లో 16 మందిని చంపి, శవాలను శరీరనిర్మాణ శాస్త్రం చెప్పే రాబర్ట్ నాక్స్‌కు అమ్మారు. వైద్యవిద్యకు చట్టం ఇచ్చే శవాలు చాలేవి కావు. చాలామందికి ముందు విస్కీ పట్టించారు, తర్వాత ఊపిరాడకుండా చేశారు. చచ్చిపోయినవాళ్లలో వీధుల్లో అందరికీ తెలిసిన 18 ఏళ్ల జేమ్స్ విల్సన్ ఉన్నాడు, మార్గరెట్ డొకర్టీ ఉంది. కథల్లో వినిపించేవి మాత్రం చంపినవాళ్ల పేర్లే. 1829 జనవరిలో బర్క్‌ను ఉరితీసి, అతని శవాన్నే విద్యార్థుల ముందు కోశారు. అతని అస్థిపంజరం ఇప్పటికీ ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం ప్రదర్శనశాలలో ఉంది. శవాల కొరత తీర్చే చట్టం 1832లో వచ్చింది.

చదువుకో ఉద్యోగానికో ఆ దేశంలో ఉంటున్న మన పిల్లలు ఇలాంటి నడకకు వెళ్లాలనుకుంటే తప్పకుండా వెళ్లండి. నాలుగు శాతం బీరు అర పైంటు అంటే మద్యాన్ని కొలిచే వాళ్ల లెక్కలో ఒక యూనిట్ పైచిలుకు, నాలుగు పబ్బుల్లో తాగితే నాలుగున్నర యూనిట్లు, కాలేయానికి ఒక యూనిట్ కరిగించడానికి సుమారు గంట. కారు తీయకండి. స్కాట్లాండ్‌లో పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 50 మిల్లీగ్రాములు, ఇంగ్లండ్ కన్నా తక్కువ. అసలు తాగకుండా వెళ్లినా అనుభవం ఏమీ తగ్గదు. మెట్లు దిగాక కళ్లకు అలవాటు కావడానికి సమయం ఇమ్మని గైడును అడగండి. ఆ గదిలో ఎవరు బతికారో కూడా అడగండి. లాంతరు ఆరాక మీకేమనిపించిందో పక్కవాళ్లతో మాట్లాడకముందే, ఆఖరి పబ్బు చేరకముందే ఫోనులో రాసి పెట్టుకోండి. మీ స్నేహితులనూ రాయమని చెప్పి, అందరివీ పక్కపక్కన పెట్టి చదవండి.